నీటినేలకు పెట్టిన పేర్లు: ఆంగ్లంలో 'స్వాంప్' పదచరిత్ర

వ్యాస సంగ్రహం

ఆంగ్లంలో 'స్వాంప్' అనే పదానికి నిఘంటుకారులు గుర్తించిన తొలి ప్రయోగం 1624 నాటిది. వర్జీనియా వలసను వర్ణించిన ఒక గ్రంథంలో అది కేవలం ఒక రకం నేలకు పేరు. తరువాతి నాలుగు శతాబ్దాలలో ఆ పదం నిందావాచకంగానూ, భూచట్టంలో ఒక వర్గంగానూ, రాజకీయ నినాదంగానూ పరిణమించింది. 20వ శతాబ్దంలో ప్రభుత్వ వ్యవహారంలో దాని స్థానాన్ని 'వెట్‌లాండ్' అనే మాట ఆక్రమించింది. ఈ అర్థపరిణామం నేలమీది హక్కులలో వచ్చిన మార్పులతో ముడిపడి ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ పదాలను తెలుగులోకి తెచ్చుకోవడంలో ఉన్న సమస్యను చివర చర్చిస్తుంది.

కీలక పదాలు: స్వాంప్, ఫెన్, వెట్‌లాండ్, పదచరిత్ర, పర్యావరణ చరిత్ర, భూచట్టం, చిత్తడి నేల, మాగాణి.

1. ఉపోద్ఘాతం

నేలకూ నీటికీ మధ్య హద్దు స్పష్టంగా ఉన్నచోట పేరు పెట్టడం సులభం. ఏరు, చెరువు, మెట్ట, గుట్ట అన్న మాటలపై వివాదాలు తక్కువ. ఏడాదిలో కొన్ని నెలలు నీరు, కొన్ని నెలలు నేల అయ్యే ప్రదేశాల సంగతి వేరు. వాటిలో పడవ పూర్తిగా సాగదు, నాగలి పూర్తిగా దిగదు. శిస్తు కట్టేవాడికీ, శిస్తు వసూలు చేసేవాడికీ, అందులో చేపలు పట్టి బతికేవాడికీ అవి ఒకే విధంగా కనిపించవు. కాబట్టి అటువంటి నేలను ఎవరు ఏ పేరుతో పిలిచారన్న ప్రశ్న భాషాశాస్త్రానికే పరిమితమైనది కాదు. చరిత్రకారుడు కూడా అడగవలసినది.

ఆంగ్లభాష ఈ పరిశీలనకు అనువైనది. తడినేలలకు ఆ భాషలో పదుల సంఖ్యలో మాటలున్నాయి. అవి వేర్వేరు భాషల నుంచి, వేర్వేరు కాలాలలో, వలసలతోనూ ఆక్రమణలతోనూ కలిసి వచ్చాయి. వాటిలో 'స్వాంప్' ఆలస్యంగా వచ్చినా ఎక్కువ దూరం ప్రయాణించింది. ఆ ప్రయాణంలోని ముఖ్యమైన మజిలీలను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదకుటుంబం

'స్వాంప్' రాకముందు ఆంగ్లంలో తడినేలలకు పేర్ల కొరత లేదు. 'ఫెన్', 'మార్ష్' అన్నవి ప్రాచీనాంగ్లం నుంచి వచ్చినవి. ఫెన్ అంటే బురదనేల అనేగాక మురికి అనే అర్థం కూడా ఆనాడే ఉండేది. మార్ష్‌కు సముద్రం, సరస్సు అనే అర్థాలున్న 'మియర్' అనే పదంతో చుట్టరికం ఉంది. 'మైర్' స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి భాషది. 'బాగ్'కు మూలం ఐరిష్, స్కాటిష్ గేలిక్ భాషలలో మెత్తన అని అర్థమిచ్చే మాట. 17వ శతాబ్దంలో డచ్చి నుంచి వచ్చిన 'మొరాస్' కథ మరింత ఆసక్తికరం. అది ఫ్రెంచి ద్వారా డచ్చికి చేరింది. ఆ ఫ్రెంచి పదానికి మూలం మార్ష్‌కు మూలమైన జర్మానిక్ ధాతువే. అంటే ఇంట్లో ఉన్న మాటే దేశాలు తిరిగి కొత్త వేషంలో ఇంటికి వచ్చింది.

'స్వాంప్' కూడా జర్మానిక్ కుటుంబానిదే. జర్మన్‌లోని 'జుంప్ఫ్', మధ్యయుగాంగ్లంలోని 'సంప్' దీనికి బంధువులు. స్పంజు, పుట్టగొడుగు అనే అర్థాలున్న ప్రాచీన నార్స్ పదం కూడా ఈ కుటుంబానికి చెందినదేనని భావిస్తారు. నీరు పీల్చుకొని మెత్తబడిన గుల్లనేల అన్నది ఈ పదాల వెనుక ఉన్న మూలభావన. మధ్యయుగాంగ్లంలో బురదనేల అని అర్థమున్న 'సంప్' క్రమంగా గనుల అడుగున నీరు చేరే గుంతకు పేరైంది. అక్కడి నుంచి కట్టడాల పరిభాషలోకి వచ్చింది. నేడు తెలుగువారి ఇళ్లలో నీటిని నిల్వచేసే భూగర్భ తొట్టిని 'సంపు' అంటున్నాం. ఆ మాట పలికినప్పుడల్లా 'స్వాంప్'కు దాయాది పదాన్నే పలుకుతున్నామన్నమాట.

ఆధునిక జీవావరణ శాస్త్రం ఈ పదాలకు హద్దులు గీసింది. అమెరికా వ్యవహారంలో చెట్లు, పొదలు పెరిగే తడినేల స్వాంప్. గడ్డి, రెల్లు వంటి మెత్తని మొక్కలు పెరిగేది మార్ష్. వాననీటి మీదే ఆధారపడి, ఆమ్లగుణంతో, సగం కుళ్లిన మొక్కల పొరలు పేరుకున్నది బాగ్. ఆ పొరలతోపాటు భూగర్భజలం కూడా అందేది ఫెన్. అయితే ఐరోపా శాస్త్రజ్ఞుల రచనల్లో రెల్లు దట్టంగా పెరిగిన నీటినేలను సైతం స్వాంప్ అనడం కనిపిస్తుంది. ఒకే పదం సముద్రానికి ఆవల చెట్లనూ, ఈవల రెల్లునూ సూచిస్తున్నదంటే, శాస్త్రం గీసిన హద్దుల కింద పాత వాడుకలు ఇంకా కదలాడుతున్నాయని అర్థం.

3. ఫెన్ ప్రాంతం: నింద ముందు, కాలువ వెనుక

స్వాంప్ చరిత్రకు పూర్వరంగం తూర్పు ఇంగ్లండులోని ఫెన్ ప్రాంతంలో ఉంది. ప్రాచీనాంగ్ల కావ్యం 'బేవుల్ఫ్'లో గ్రెండెల్ అనే రాక్షసుడి నివాసం ఫెన్‌లే. 8వ శతాబ్దంలో ఫెలిక్స్ రచించిన సాధుచరిత్రలో గుత్లాక్ అనే తపస్వి ఫెన్‌ల మధ్య ఉన్న క్రోలండ్ దీవిలో భూతాలతో పోరాడుతాడు. 1066 నాటి నార్మన్ విజయం తరువాత హెరెవార్డ్ అనే తిరుగుబాటుదారు ఈ నీటినేలల నడుమనున్న ఈలీ దీవినే స్థావరం చేసుకున్నాడు. రాక్షసుడు, తపస్వి, తిరుగుబాటుదారు అనే ఈ ముగ్గురినీ కలిపేది ఒక్కటే: వారు రాజ్యం చేయి సులభంగా చేరని చోట ఉన్నారు.

అక్కడి ప్రజలకు మాత్రం ఫెన్ అన్నం పెట్టే నేల. చేపలు, మలుగుపాములు, నీటిపక్షులు, ఇంటికప్పుకు రెల్లు, పొయ్యికి ఎండబెట్టిన మట్టిపెళ్లలు, నీరు తీసిన వేసవి నెలల్లో పశువులకు పచ్చిక అన్నీ అక్కడే దొరికేవి. ఈలీ అనే పేరు అక్కడి మలుగుపాముల వల్లనే వచ్చిందని 8వ శతాబ్దపు చరిత్రకారుడు బీడ్ రాశాడు. ఆ ప్రాంతంలో కౌళ్లను మలుగుపాముల లెక్కన చెల్లించిన దాఖలాలు 1086 నాటి డూమ్స్‌డే సర్వేలో ఉన్నాయి. ఈ వనరులపై హక్కులు చాలావరకు ఉమ్మడివి.

1630ల ప్రారంభంలో బెడ్‌ఫర్డ్ నాల్గవ ఎర్ల్ ఫ్రాన్సిస్ రస్సెల్, పెట్టుబడి పెట్టిన మరికొందరితో కలిసి ఈ నేలలను ఎండగట్టే పనికి పూనుకున్నాడు. పని పూర్తయితే వారికి 95,000 ఎకరాలు దక్కాలన్నది ఒప్పందం. డచ్చి ఇంజనీరు కార్నీలియస్ వెర్ముయ్‌డెన్ పర్యవేక్షణలో 1637 నాటికి 21 మైళ్ల పొడవైన కాలువ తవ్వారు. అంతర్యుద్ధంతో ఆగిన పని 1649 శాసనంతో మళ్లీ మొదలైంది. 1650లో డన్‌బార్ యుద్ధంలో పట్టుబడిన స్కాట్లండు ఖైదీలను కూడా ఈ తవ్వకంలో వాడుకున్నారు. ఉమ్మడి హక్కులు కోల్పోయిన ప్రజలు గట్లు తెంచారు, తూములు పగలగొట్టారు.

ఈ ప్రయత్నాన్ని సమర్థించినవారి రాతల్లో ఫెన్ అంటే రోగాల పుట్ట, అక్కడి జనం సోమరులు. ఈ నింద కాలువ తవ్వకానికి ముందే సిద్ధంగా ఉండటం గమనార్హం. నేల పనికిరానిదని ముందుగా నిరూపితమైతే తప్ప, దానిని పనికివచ్చేలా చేసినవాడికి అందులో సింహభాగం ఇవ్వడం న్యాయమనిపించదు.

ఆ తరువాత నేల తన లెక్క తాను చెప్పింది. నీరు తీసిన కొద్దీ మొక్కల పొరలతో ఏర్పడిన మట్టి ఎండి, కుంచించుకొని, గాలికి తగిలి కరిగిపోయింది. 1851లో హోమ్ ఫెన్‌లో భూమట్టానికి సమంగా పాతిన ఇనుపస్తంభం నేడు దాదాపు 4 మీటర్లు పైకి నిలిచి ఉంది. స్తంభం లేవలేదు, నేలే దిగింది. బ్రిటన్‌లో అత్యంత పల్లపు ప్రదేశం ఇప్పుడు అదే. సముద్రమట్టానికి సుమారు 2.75 మీటర్ల దిగువన ఉంది.

4. వర్జీనియాలో కొత్త మాట

ఫెన్ ప్రాంతంలో ఈ ఒప్పందాలు రూపుదిద్దుకోవడానికి కొద్ది సంవత్సరాల ముందు, 1624లో, కెప్టెన్ జాన్ స్మిత్ వర్జీనియా చరిత్ర అచ్చయింది. స్వాంప్ అనే మాటకు తొలి దాఖలా అందులోనిదే. ఇంగ్లండులోని ఏదో ప్రాంతీయ వ్యవహారంలో ఆ మాట అంతకుముందే ఉండి ఉండవచ్చునని నిఘంటుకారుల ఊహ. ఏమైనా అచ్చులో అది వలసభూమిని వర్ణించే పదంగా పుట్టింది. స్మిత్ ఆ మాటను నిందగా వాడలేదు. అక్కడ కొద్దిపాటి మార్ష్‌లు, స్వాంప్‌లు ఉన్నాయనీ, వాటివల్ల నష్టంకన్నా లాభమే ఎక్కువనీ ఆయన అభిప్రాయం.

ఫెన్, మార్ష్, మైర్ ఉండగా కొత్త మాట ఎందుకు కావలసివచ్చింది? చెట్టు నిండిన తడినేల ఇంగ్లండులో అప్పటికి అరుదైపోయింది. వర్జీనియా, కరోలినా తీరాలలో నీటిలోనే నిలువెత్తు సైప్రస్ చెట్లు పెరిగే విశాలమైన అడవులున్నాయి. పాత పదాలేవీ ఆ దృశ్యానికి సరిపోలేదు. స్థానిక జాతుల భాషల్లో మాటలు ఉండనే ఉన్నాయి. వాటిలో కొన్ని ఆంగ్లంలోకి వచ్చాయి కూడా. అల్గాంకియన్ భాషల నుంచి 'పొకొసిన్', చొక్తా భాష నుంచి ఫ్రెంచి మీదుగా 'బయూ', ఉత్తరాన క్రీ, ఒజిబ్వే భాషల నుంచి 'మస్కెగ్' వచ్చాయి. అయితే ఇవి ప్రాంతీయ పదాలుగానే నిలిచాయి. సాధారణ నామంగా స్థిరపడే అవకాశం వలసవాదులు తెచ్చుకున్న మాటకే దక్కింది.

17వ శతాబ్దం చివర దక్షిణ కరోలినాలో వరిసాగు మొదలైనప్పుడు స్వాంప్ అంటే తోటల యజమానులకు లాభసాటి నేల. చెట్లు కొట్టి, గట్లు వేసి, నీటిని నిలిపి వరి పండించినవారు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. పశ్చిమాఫ్రికాలో వరి పండించిన అనుభవం వారిలో కొందరికి ఉండేది. ఆ పరిజ్ఞానమే కరోలినా వరిసాగుకు పునాది అని జ్యుడిత్ కార్నీ 2001లో వాదించారు. ఆ పరిజ్ఞానానికి ఎంత పాలు దక్కాలన్న విషయంపై చరిత్రకారులలో చర్చ నడిచినా, శ్రమ ఎవరిదన్న దానిపై వివాదం లేదు.

5. ఆశ్రయం, భయం

కొత్త మాటకు భయం అంటుకున్నది యుద్ధాలతో. 1675 డిసెంబరు 19న ప్లిమత్, మసాచుసెట్స్ బే, కనెక్టికట్ వలసల సైన్యాలు నేటి రోడ్ ఐలండ్‌లోని ఒక స్వాంప్ మధ్యనున్న నారగాన్సెట్ జాతివారి కోటపై దాడి చేశాయి. మామూలు రోజుల్లో ఆ బురద సైన్యాన్ని అడ్డగించేది. ఆ చలికాలంలో నీరు గడ్డకట్టి దారి ఇచ్చింది. వందలమంది, వారిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అనేకులు, హతులయ్యారు. 'మహా స్వాంప్ పోరు' అనే పేరుతో అది చరిత్రకెక్కింది. వలసవాదుల కథనాల్లో స్వాంప్ ఇక శత్రువు దాగే చోటు. ఆ చోటును రక్షణగా ఎంచుకున్నవారి దృష్టిలో దాని అర్థమేమిటో ఆ కథనాలు నమోదు చేయలేదు.

ఆ మూడేళ్లకే, 1678లో, జాన్ బన్యన్ రచించిన గ్రంథం వెలువడింది. తెలుగులో 'యాత్రికుని ప్రయాణము'గా ప్రసిద్ధమైన ఈ గ్రంథంలో కథానాయకుడు మొదట పడేది నిరాశ అనే బురదగుంటలో. ఎన్ని బండ్ల సదుపదేశం తెచ్చి పోసినా ఆ గుంట పూడదు. తడినేల ఇక్కడ మనస్సు లోపలికి వచ్చింది. బన్యన్ బెడ్‌ఫర్డ్ సీమవాడు. ఫెన్‌ల కాలువలు తవ్విన తరానికి మరుసటి తరంవాడు.

వర్జీనియా, ఉత్తర కరోలినా సరిహద్దున ఉన్న 'గ్రేట్ డిస్మల్ స్వాంప్' పేరులోనే తీర్పు ఉంది. లాటిన్‌లో చెడ్డ రోజులు అనే అర్థం నుంచి వచ్చిన 'డిస్మల్' అనే మాటను కరోలినా ప్రాంతంలో తడి అడవికి నామవాచకంగానే వాడేవారు. 1728లో రెండు వలసల మధ్య సరిహద్దు గీసినప్పుడు వర్జీనియా ప్రతినిధిగా ఉన్న విలియం బర్డ్ ఈ ప్రదేశాన్ని విషవాయువుల నిలయంగా, పక్షులు సైతం పైనుంచి ఎగరని చోటుగా చిత్రించాడు. కొలతగాళ్లు గొలుసులు పట్టుకొని లోపల నడుస్తున్న రోజుల్లో ఆయన చుట్టు తిరిగి ఆవలి ఒడ్డున వారికోసం వేచి ఉన్నాడు. దానిని ఎండగట్టి జనుము వంటి పంటలు వేయవచ్చునని ప్రతిపాదించినవాడు కూడా ఆయనే. నిందా ప్రణాళికా మళ్లీ ఒకే కలం నుంచి వచ్చాయి. 1763లో జార్జి వాషింగ్టన్ ఆ ప్రదేశాన్ని సందర్శించి, భాగస్వాములతో కలిసి భూమి కంపెనీ పెట్టాడు. 1793లో తవ్వకం మొదలైన కాలువ 1805లో తెరుచుకుంది. నడుములోతు బురదలో బానిసలు చేసిన ఆ పని ఎంత దుర్భరమో బానిసత్వం నుంచి విముక్తుడైన మోజెస్ గ్రాండీ 1843లో అచ్చయిన తన ఆత్మకథలో వర్ణించాడు.

అదే స్వాంప్ లోపలి మెట్టదిబ్బల మీద, యజమానుల నుంచి పారిపోయినవారు తరాల తరబడి కాపురముండేవారు. 2000ల తరువాత పురాతత్త్వవేత్త డేనియల్ సేయర్స్ బృందం జరిపిన తవ్వకాలలో వారి నివాసాల ఆనవాళ్లు బయటపడ్డాయి. హారియెట్ బీచర్ స్టోవ్ 1856లో ఈ స్వాంప్‌నే నేపథ్యంగా చేసుకొని 'డ్రెడ్' నవల రాసింది. బర్డ్‌కు మృత్యుస్థలంగా తోచిన చోటు వారికి బతుకు నిలుపుకొనే చోటు. ఒకే స్వాంప్‌కు రెండు అర్థాలు ఒకే కాలంలో ఉన్నాయి. పత్రాలలోకి ఎక్కినది ఒక్కటే. రెండవదానిని మట్టిలో వెతకవలసివచ్చింది.

6. చట్టంలోకి ప్రవేశం

19వ శతాబ్దం మధ్యలో ఈ పదం చట్టపరిభాష అయింది. 1849లో లూసియానాకు, 1850లో మరో 12 రాష్ట్రాలకు, 1860లో మిన్నెసోటా, ఓరెగన్‌లకు అమెరికా కాంగ్రెస్ కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న 'స్వాంప్, ముంపు భూముల'ను ధారాదత్తం చేసింది. వాటిని అమ్మగా వచ్చిన సొమ్ముతో గట్లు, మురుగుకాలువలు నిర్మించాలన్నది షరతు. ఈ చట్టాల ద్వారా మొత్తంమీద సుమారు 6.5 కోట్ల ఎకరాలు రాష్ట్రాలకు సంక్రమించాయి.

చట్టం దృష్టిలో స్వాంప్ అంటే తడిగా ఉండి సాగుకు పనికిరాని నేల. ఒక భూఖండంలో సగానికి మించిన భాగం అటువంటిదైతే మొత్తం ఖండం స్వాంపే. ఈ నిర్వచనంలో చెట్టు లేదు, పక్షి లేదు, అక్కడ బతికే మనిషి లేడు. నాగలికి లొంగుతుందా లేదా అన్నదొక్కటే కొలమానం. స్మిత్ నాటి వర్ణనాపదం ఇక్కడ లోటును సూచించే పదమైంది. ఈ కొలమానం అక్రమాలకూ తలుపు తెరిచింది. మెరక నేలలను సైతం స్వాంప్‌గా చూపి చౌకగా దక్కించుకున్న ఉదంతాలు అనేకం.

ఫ్లోరిడాకు ఈ విధంగా దాదాపు 2 కోట్ల ఎకరాలు లభించాయి. 1881లో ఆ రాష్ట్రం ఎకరా 25 సెంట్ల చొప్పున 40 లక్షల ఎకరాలను హామిల్టన్ డిస్టన్ అనే పారిశ్రామికవేత్తకు అమ్మింది. 1904 ఎన్నికలలో నెపోలియన్ బొనపార్ట్ బ్రౌవర్డ్ ఎవర్‌గ్లేడ్స్‌ను ఎండగడతానన్న వాగ్దానంతో గవర్నరు పదవిని గెలిచాడు. ఈ ధోరణికి ఎదురుగొంతు లేకపోలేదు. హెన్రీ డేవిడ్ థోరో 1862లో వెలువడిన 'వాకింగ్' వ్యాసంలో, మనిషి పెంచిన అందమైన ఉద్యానంకన్నా స్వాంప్ పక్కన నివాసమే తనకు ఇష్టమని ప్రకటించాడు. ఆ మాటను ఆనాడు సాహిత్యంగా చదివారే గాని విధానంగా ఎవరూ తీసుకోలేదు.

7. దోమ, నినాదం

స్వాంప్‌ల నుంచి లేచే చెడుగాలి వల్ల జ్వరాలు వస్తాయన్నది ఐరోపాలో శతాబ్దాల నమ్మకం. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు అర్థమే చెడుగాలి. 1880లో ఆల్ఫాన్స్ లావెరాన్ మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపుగోడలో ఆ జీవి దశను గుర్తించాడు. గాలి నిర్దోషి అని తేలింది. దోమ దోషిగా నిలబడింది. తడినేలల పదచరిత్రలో తెలుగునేల నేరుగా ప్రవేశించే ఘట్టం ఇది.

ఈ ఆవిష్కరణ ఆంగ్లభాషకు కొత్త రూపకాన్ని ఇచ్చింది. దోమలను ఒక్కొక్కటిగా చంపడం వృథా, అవి పుట్టే నీటినే తీసివేయాలన్నది ఆరోగ్యశాస్త్రం చెప్పిన మాట. 1903లో విస్కాన్సిన్‌లోని సోషలిస్టు నాయకుడు విన్‌ఫీల్డ్ గేలార్డ్ పెట్టుబడిదారీ వ్యవస్థను స్వాంప్‌తోనూ, దాని వల్ల పుట్టే దుష్ఫలితాలను దోమలతోనూ పోల్చి, స్వాంప్‌నే ఎండగట్టాలన్నాడు. అదే రాష్ట్రానికి చెందిన విక్టర్ బెర్గర్ 1912లో ఈ పోలికను తిరిగి వాడాడు. సికింద్రాబాదు ప్రయోగశాలకూ గేలార్డ్ మాటకూ మధ్య ఆరేళ్లే ఎడం. ఆ నినాదంలోని తర్కం చెడుగాలి సిద్ధాంతంతో పొసగదు. దోమ తెలిసిన తరువాతే అది సాధ్యం.

1980ల ప్రారంభంలో ఆ నినాదం రొనాల్డ్ రీగన్ నోట ప్రభుత్వ యంత్రాంగాన్ని తగ్గించడమనే అర్థంలో వినిపించింది. 2016 ఎన్నికలలో డొనాల్డ్ ట్రంప్ దానిని వాషింగ్టన్ రాజకీయాల మీద ప్రయోగించాడు. వామపక్షంలో పుట్టిన మాట కుడిపక్షానికి చేరినా అందులోని స్వాంప్ మాత్రం మారలేదు: అది ఎండగట్టవలసినదే. వాషింగ్టన్ నగరాన్ని స్వాంప్‌పైనే కట్టారన్న ప్రచారం ఈ నినాదానికి తోడైంది. నగర చరిత్రకారులు దీనిని అంగీకరించరు. ఆ నగరపు నేలలో నిజమైన తడినేల కొద్దిభాగమే. ఈలోగా 'క్వాగ్‌మైర్' అనే పాత మాట యుద్ధానికి రూపకమైంది. డేవిడ్ హాల్‌బర్‌స్టామ్ 1965లో వియత్నాంపై రాసిన పుస్తకం శీర్షికలోనే ఆ మాట ఉంది.

8. 'వెట్‌లాండ్': నింద లేని మాట

ఇదే కాలంలో శాస్త్రజ్ఞులూ అధికారులూ వేరే మాట వైపు మొగ్గారు. 1947లో మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ ఎవర్‌గ్లేడ్స్‌ను స్వాంప్‌గా కాక గడ్డినదిగా వర్ణించిన పుస్తకం ప్రచురించింది. ఆ ఏడాది చివరనే అక్కడ జాతీయోద్యానం ప్రారంభమైంది. 1956లో అమెరికా మత్స్య, వన్యప్రాణి సేవాసంస్థ దేశంలోని తడినేలలను 20 రకాలుగా వర్గీకరించి, నీటిపక్షుల ఆవాసాలుగా వాటి విలువను వివరించింది. ఆ నివేదిక వాటన్నిటినీ కలిపి పిలిచిన పేరు 'వెట్‌లాండ్'. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒడంబడికతో ఆ మాట అంతర్జాతీయమైంది.

కొత్త మాటలో రాక్షసుడు లేడు, రోగం లేదు, నిరాశ లేదు. స్వాంప్‌ను ఎండగట్టడానికి ఓట్లడిగిన నాయకుడు వెట్‌లాండ్‌ను ఎండగడతానని అడగలేడు. అయితే మాట మారేనాటికి నష్టం చాలావరకు జరిగిపోయింది. అలాస్కా, హవాయి మినహా అమెరికాలో 1780లలో సుమారు 22.1 కోట్ల ఎకరాలుగా ఉన్న తడినేలలు 1980ల నాటికి సుమారు 10.4 కోట్ల ఎకరాలకు తగ్గాయని 1990లో ప్రచురితమైన ప్రభుత్వ అంచనా. అంటే సగానికి పైగా పోయాయి.

కొత్త మాట కూడా నిర్వచనానికి లోబడినదే. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు సాకెట్ కేసులో, నదులూ సరస్సుల వంటి జలాలతో ఉపరితలంలో ఎడతెగని సంబంధం ఉన్న తడినేలలకు మాత్రమే కేంద్ర జలచట్టపు రక్షణ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. భూమి లోపలి నుంచి అందే నీటికి ఆ కొలమానంలో చోటు లేదు. 1850లో నాగలి కొలమానం, 2023లో కంటికి కనిపించే నీటిచాలు కొలమానం. నేల స్వభావం రెండింటిలోనూ పూర్తిగా ఇమడలేదు.

9. తెలుగులో ఈ మాటలు

ఈ పదజాలాన్ని తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది రెవెన్యూ భాష వల్ల ఏర్పడినది. మద్రాసు ప్రెసిడెన్సీ భూమి లెక్కలలో 'వెట్' అంటే నీటిపారుదల ఉన్న సాగుభూమి, అంటే మన మాగాణి. నిజాం రాజ్యంలో అదే 'తరి'. ఎక్కువ శిస్తు కట్టే నేల అది. రామ్‌సర్ ఒడంబడిక పరిభాషలోని వెట్‌లాండ్ అర్థం దీనికంటే చాలా విస్తృతం. ముఖ్యంగా నాగలి ఎరుగని నీటినేలలు అందులోకి వస్తాయి. పాత దస్తావేజులు చదివే పరిశోధకులు ఈ రెండింటినీ ఒకటిగా భ్రమపడే ప్రమాదముంది. ఆధునికార్థంలో 'చిత్తడి నేల' స్థిరపడటం ఈ దృష్ట్యా మేలే.

రెండవది రూపకాలకు సంబంధించినది. తెలుగులోనూ తడినేల నిందకు గురైంది. అప్పుల ఊబి, రాజకీయాల రొంపి అంటాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత ఉండనే ఉంది. సంస్కృతం నుంచి వచ్చిన పంకానికి బురద, పాపం అనే రెండర్థాలున్నాయి. అయితే అదే పంకం నుంచి పంకజం పుట్టింది. బాడవ, తంపర, పల్లం వంటి మాటలలో నింద వినిపించదు. అవి వ్యవసాయదారుల, మత్స్యకారుల మాటలు. స్వాంప్‌ను సందర్భం చూడకుండా 'ఊబి' అని అనువదిస్తే బర్డ్ తీర్పును మన భాషలోకి దిగుమతి చేసుకున్నట్టే. 'చిత్తడి అడవి' అంటే చెట్టూ నీరూ రెండూ నిలుస్తాయి.

ఇది కేవలం అనువాద శైలి విషయం కాదని కొల్లేరు గుర్తుచేస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది, 2002లో 90,100 హెక్టార్ల విస్తీర్ణంతో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం లోపలి చేపల చెరువుల గట్లను తొలగించింది. ఐదవ కాంటూరు హద్దు ఎక్కడ ఉండాలన్న వివాదం ఆ తరువాత కూడా కొనసాగింది. ఒకే నేల ఒక లెక్కలో అభయారణ్యం, మరొక లెక్కలో చేపల చెరువు, సంప్రదాయ మత్స్యకారుడి లెక్కలో వేటనీరు. ఫెన్ ప్రాంతంలో 17వ శతాబ్దంలో లేచిన ప్రశ్నే ఇక్కడా ఉంది: ఏ పేరు చెల్లితే ఎవరి హక్కు చెల్లుతుంది?

10. ముగింపు

పై పరిశీలనలో మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, స్వాంప్ అనే పదం పుట్టుకతో నిందావాచకం కాదు. భూమిని సొంతం చేసుకునే ప్రయత్నాలతో, యుద్ధాలతో ఆ అర్థం దానికి అంటుకుంది. రెండు, 1850 నాటి చట్టంలో చేరడంతో వర్ణన నిర్వచనమైంది, నిర్వచనం యాజమాన్య బదిలీకి సాధనమైంది. మూడు, వెట్‌లాండ్ అనే మాట పాత నిందను తొలగించినా, నిర్వచించే అధికారం ఎవరిదన్న ప్రశ్నను తొలగించలేదు.

నారగాన్సెట్‌లు, డిస్మల్ స్వాంప్‌లోని పారిపోయిన బానిసలు, ఫెన్ ప్రాంతపు మత్స్యకారులు తమ నేలను ఏమని పిలుచుకున్నారో ఆంగ్ల నిఘంటువుల్లో దొరికేది స్వల్పం. తెలుగులో ఆ అవకాశం ఇంకా మిగిలే ఉంది. కొల్లేటి లంకల్లో, డెల్టా పల్లపు గ్రామాల్లో, చెరువు శిఖం భూముల్లో తడినేలల రకాలకు వాడుకలో ఉన్న పేర్లను అర్థచ్ఛాయలతో సహా సేకరించడం భాషాశాస్త్ర, చరిత్ర పరిశోధకులు కలిసి చేయవలసిన పని. హద్దుల వివాదం న్యాయస్థానానికి చేరినప్పుడు సర్వే పటంతోపాటు ఆ పేర్లు కూడా ఆధారాలే. వాటిని పలికేవారు ఉన్నప్పుడే వాటిని నమోదు చేయడం సాధ్యం.